ఆదివారం రాని భూకంపం

మా నాయిన గోపయ్య భూకంపంలో చనిపోయాడని సర్కారు కాగితం చెబుతుంది. ఆ రోజు మా జిల్లాలో ఇంకెక్కడా ఒక్క గోడ కదల్లేదు. నల్గొండలో ఎవరి చాయ కప్పూ తొణకలేదు. కేతేపల్లిలో ఎవరూ భయపడి ఇంట్లోంచి బయటికి రాలేదు. మా గుట్ట కింద, మా గూడెంలో, మా గొర్ల దొడ్డి మీదికి మాత్రమే వచ్చి, మా నాయినను మాత్రమే తీసుకుపోయిన భూకంపం అది. ఇంత గురి చూసి వచ్చే భూకంపం గురించి నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. నేను హైస్కూల్లో పిల్లలకు సైన్సు చెబుతాను, చదవాల్సినవి చదివాను.

మా గూడెం కేతేపల్లి నుంచి బాగా లోపలికి, నక్కలగుట్టను ఆనుకుని ఉంటుంది. అన్నీ గొర్లు కాసుకునే ఇళ్లే. గుట్టకు అవతలి పక్క గ్రానైటు క్వారీ వచ్చి చాలా ఏళ్లయింది. రోజూ మధ్యాహ్నం అన్నాల వేళకు సైరన్ మోగుతుంది. ఆ వెంటనే జిలెటిన్ పేలుస్తారు. సైరన్ వినపడగానే మా అమ్మ గుర్వమ్మ షెల్ఫు మీది గిన్నెలు, గ్లాసులు, పప్పు డబ్బాలు అన్నీ దించి నేల మీద పెడుతుంది. పెట్టి, ఇంటి ముందున్న ఖాళీ చెలకలోకి వెళ్లి నిలబడుతుంది. పక్కిళ్ల వాళ్లూ అంతే. చంటిపిల్ల నిద్రపోతుంటే నిద్రలోనే ఎత్తుకుని వస్తారు. ధడేలుమంటుంది, కాళ్ల కింద నేల ఎగిరి పడినట్టవుతుంది, ఇంటి పైకప్పు నుంచి మట్టి రాలుతుంది. తర్వాత లోపలికి పోయి, గిన్నెలు కడుక్కుని, మళ్లీ పైన సర్దుకుంటారు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలికి మా గూడెంలో మొట్టమొదట నేర్పే పని ఇదే. పొయ్యి ఎక్కడుందో తర్వాత చూపిస్తారు.

ఆదివారం క్వారీకి సెలవు. అందుకే మా దగ్గర పెళ్లిచూపులు, పురుటి స్నానాలు, పుట్టువెంట్రుకలు, ఏవైనా ఆదివారం పెట్టుకుంటారు. ముహూర్తం చూడటానికి వచ్చిన అయ్యగారు వేరే వారం చెబితే ఒప్పుకోరు. ఆదివారం గిన్నెలు షెల్ఫు మీదే ఉంటాయి.

పోయిన వానాకాలం, ఒక శుక్రవారం, సైరన్ మోగింది. నాయిన దొడ్డిలో ఉన్నాడు. కుంటి గొర్రె ఒకటి లేవలేకపోతే దాన్ని లేపి బయటికి తోలబోయాడు. పేలుడు అయింది. దుమ్ము ఇంకా తగ్గకముందే గుట్ట కొసన ఉన్న బండ ఒకటి కదిలి, దొర్లుకుంటూ వచ్చి దొడ్డి మీద పడింది. నాయినను నల్గొండ దవాఖానకు తీసుకుపోయాం. తెల్లారేసరికి లేడు. మా గూడెమంతా ఒకటే మాట చెప్పింది: పేల్చిండ్రు, బండ దొర్లింది. కాగితంలో మాత్రం "స్వల్ప భూకంపం వల్ల కొండచరియ విరిగిపడి" అని రాశారు. కొండచరియ అనే మాట మా గూడెంలో ఎవరి నోటా ఎన్నడూ రాలేదు. చచ్చిపోయాక మా నాయిన మీద మాకు తెలియని మాటలు వేశారు.

ఆ రిపోర్టు తయారు చేసింది అమరేందర్. హుజూర్‌నగర్ వాడు, నల్గొండ డిగ్రీ కాలేజీలో నా క్లాస్‌మేట్. తర్వాత భూగర్భశాస్త్రం చదివి, క్వారీల వాళ్లకు సలహాలిచ్చే కన్సల్టెంటు అయ్యాడు. తెలియక రాశాడంటే క్షమించేదాన్నేమో. కాలేజీలో ఉన్నప్పుడు దారిన పోయే రాయిని కూడా తీసి, ఇది ఎట్లా పుట్టిందో చెప్పేదాకా బస్సెక్కనివ్వని మనిషి వాడు. అన్నీ తెలిసే రాశాడు. ఆ రిపోర్టు చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది.

ఇప్పుడు క్వారీ వాళ్లు గుట్టకు ఇవతలి పక్క, అంటే మా పక్క కూడా తవ్వుతామని అడిగారు. మా పక్క జోడుబండ ఉంది. పెద్ద బండ మీద ఇంకో పెద్ద బండ, ఎప్పటి నుంచో అట్లాగే నిలబడి ఉంది. పోయిన ఏడాది నుంచి కింది బండకు పగులు కనిపిస్తోంది. దాని కిందే మొదటి ఇల్లు మా అమ్మది. అనుమతి వస్తే ఆ పగులు పక్కనే జిలెటిన్ పెడతారు. మాకు ఇంకో జాగా లేదు, ఇచ్చేవాళ్లూ లేరు. అనుమతికి ముందు ఊరి వాళ్ల అభ్యంతరాలు వినాలి కాబట్టి గూడెంలోనే సభ పెట్టారు. జిల్లా నుంచి ఒక అధికారి వస్తాడని, రిపోర్టు అమరేందరే చదువుతాడని చెప్పారు. సభ మంగళవారం.

ముందు రోజు సాయంత్రం నేను నల్గొండ నుంచి గూడేనికి వెళ్లాను. అమ్మ జొన్నరొట్టెలు చేస్తోంది. నేను ఫోనులో అంగారకుడి ఫొటోలు చూసుకుంటున్నాను. అమరేందర్ పాత రిపోర్టులో, ఇతర గ్రహాల మీద కూడా కంపాలు వస్తాయి, రాళ్లు జారుతాయి అని ఒక ముక్క ఉంది. దాన్నే రేపు సాగదీస్తాడని నాకు అనుమానం. అమ్మ ఏందని అడిగితే చెప్పాను. చంద్రుడి మీద కూడా వస్తాయని, భూమి గుంజే గుంజుడుకు లోపల్లోపల కదులుతుందని, పగటి ఎండకూ రాత్రి చలికీ పైన రాయి సాగి, ముడుచుకుని చిటపటలాడుతుందని, ఆకాశం నుంచి రాళ్లు పడ్డా అదురుతుందని చెప్పాను. అమ్మ రొట్టె తిప్పి అడిగింది.

"చందమామ మీద వచ్చినదాన్ని గూడ భూకంపమే అంటరా?"

"కాదమ్మా. భూమి మీద వస్తెనే భూకంపం. చంద్రుని మీద వస్తె చంద్రకంపం అంటరు. అంగారకుని మీద వస్తె అంగారక కంపం."

"అంటే ఎవరిది వాళ్లదన్నట్టు," అంది అమ్మ. నాకు రొట్టె వేసి, తన పనిలో పడింది.

సభకు షామియానా మా ఇళ్ల పక్కనే, గుట్టకు ఆనించి వేశారు. పొద్దున్నే వ్యాన్లలో మనుషులు దిగారు. ఎక్కడి వాళ్లో మాకు తెలియదు. ముందు కుర్చీలన్నీ వాళ్లే కూర్చున్నారు. అభ్యంతరం చెప్పాల్సిన మేము వెనక కూర్చున్నాం. వేదిక మీద అధికారి, ఆయన పక్కన రాసుకునే గుమాస్తా, క్వారీ మేనేజరు దశరథ్, అమరేందర్. వేదిక పక్కన బల్ల మీద చాయ కప్పులు, ఫ్లాస్కులు పెట్టారు. వచ్చిన వాళ్లకు చాయ పొయ్యమని మా అమ్మకు పురమాయించారు. భర్త పోయిన మనిషి, వాళ్ల మీద చెప్పుకోవడానికి వచ్చిన మనిషి, వాళ్లకే చాయ పోసింది. వద్దని నేనంటే, ఇంటి ముందుకొచ్చిన వాళ్లకు పొయ్యకపోతే ఎట్లా అంది. ఈ మంచితనమే మమ్మల్ని ముంచుతోందని లోపల తిట్టుకున్నాను.

అమరేందర్ బాగా మాట్లాడాడు. అది ఒప్పుకోవాలి. తెర మీద మొదట చంద్రుడి ఫొటో వేశాడు. వాలు మీద ఒక బండ, దాని వెనక అది దొర్లుకుంటూ వచ్చిన గీత. ఈ బండను ఎవరు తోశారని అడిగాడు. తర్వాత బుధగ్రహం. లోపల వేడి తగ్గేకొద్దీ అది కుంచించుకుపోతోందని, ఎండిన నిమ్మకాయ లాగా పైతోలు ముడతలు పడి, పగిలిపోతోందని చెప్పాడు. ఆ తర్వాత అంగారకుడు. అక్కడ లోయ గోడలు మైళ్ల కొద్దీ కూలి పడి ఉన్నాయి, వాలుల మీద దుమ్ము తనంతట తానే జారుతుంది, చలికాలం పట్టిన మంచు ఎండకు ఆవిరైపోతే దాని కింద పట్టు తప్పి రాళ్లు, మట్టి కిందికి వస్తాయి. అన్నీ నిజాలే. నేను నా పిల్లలకు చెప్పేవే. ఇంత అందమైన సంగతులు మా నాయిన చావు మీద కప్పడానికి తెచ్చాడు.

చివర్లో నవ్వుతూ అడిగాడు.

"అంగారకుడి మీద క్వారీ ఉందా? అక్కడ జిలెటిన్ ఎవరు పెట్టారు? రాయి అన్నాక కదులుతుంది. అది ప్రకృతి."

వ్యాన్లలో వచ్చిన వాళ్లు చప్పట్లు కొట్టారు. మా వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. క్వారీ లేని చోట కూడా బండలు పడతాయంటే, మరి మన గొడవ తప్పేమో అన్నట్టు చూస్తున్నారు. వాళ్ల కళ్లలో ఆ అనుమానం చూసి నేను లేచాను. మైకు ఇమ్మన్నాను. దశరథ్ రెండే నిమిషాలన్నాడు. అధికారి మాత్రం మాట్లాడమన్నాడు.

అమరేందర్ చెప్పినవన్నీ నిజాలేనని మొదలుపెట్టాను. చెప్పనివి కూడా చెబుతానన్నాను. అంగారకుడి మీద దింపిన యంత్రం ఒకసారి పెద్ద అదురు పట్టింది. శాస్త్రవేత్తలు ఊరికే ప్రకృతి అని చేతులు దులుపుకోలేదు. పైన తిరిగే నౌక తీసిన ఫొటోలు వెతికితే కొత్త గుంత కనిపించింది, దాని చుట్టూ నేల లోపల్నుంచి ఎగిరిపడ్డ మంచు ముక్కలు. ఆకాశం నుంచి రాయి పడిందని అప్పుడు తేలింది. తర్వాత ఇంకా పెద్దది వచ్చింది. దానికీ గుంత ఉందేమోనని, అంగారకుడి చుట్టూ నౌకలు తిప్పే దేశాలన్నిటినీ, మన వాళ్లను కూడా, అడిగారు. ఎంత వెతికినా గుంత దొరకలేదు. అప్పుడే ఇది పైనుంచి పడ్డది కాదు, లోపల్నుంచి వచ్చిందే అన్నారు. మనిషి అడుగు పెట్టని చోట వచ్చిన అదురుకు కారణం వెతకడానికి ఇన్ని దేశాలు కదిలాయి. మా దొడ్డి మీద పడ్డ బండ ఎక్కడి నుంచి ఊడిందో చూడటానికి ఒక్కడు గుట్ట ఎక్కలేదు.

తర్వాత నేను అమరేందర్ వైపు తిరిగాను.

"మనోళ్లు చంద్రుని మీద దింపిన యంత్రం గూడ అదుర్లు పట్టింది. మొదలు ఏం చేసిండ్రో నీకెరుకే. ఆడ దింపిన మన బండి చక్రాలు తిరిగితే వచ్చిన అదురేదో, అది మనదే అని చెప్పిండ్రు. మనది పక్కకు పెట్టినంకనే, ఇంకోటి వచ్చింది, గిది చంద్రునిది కావచ్చు అన్నరు. నువ్వు రిపోర్టు రాసినప్పుడు క్వారీది పక్కకు పెట్టినవా అమరేందర్?"

అమరేందర్ ల్యాప్‌టాప్ వైపు చూశాడు. అధికారి కూడా అతని వైపే చూస్తున్నాడు. ఇంకొక్క మాట మిగిలింది నాకు. ఆదివారం సంగతి. ఏ భూకంపం వారం చూసుకుని వస్తుందో చెప్పమని అడగబోయాను.

ఈలోగా దశరథ్ లేచాడు. టీచరమ్మ అనవసరంగా జనాన్ని భయపెడుతోందని, తమ పేలుళ్లు చాలా చిన్నవని, వాటి అదురు గుట్ట దాటి ఇటు రానే రాదని, గూడెంలో వాళ్లకు తెలిసేది మామూలు ప్రకృతి అదురేనని చెప్పాడు. అయినా తాము ఎంత జాగ్రత్తగా ఉంటామో చూడమని, సైరన్ వేయనిదే ఒక్క జిలెటిన్ తూటా కూడా పేల్చబోమని అన్నాడు. "శాంపిల్‌గా ఒకసారి వినిపిస్తాం సార్," అని మైకు సెట్టు దగ్గరున్న వాడికి చెయ్యి ఊపాడు.

సైరన్ మోగింది.

ఏం జరిగిందో నాకు ముందు అర్థం కాలేదు. నా వెనక కుర్చీలు దబదబా పడ్డాయి. మా గూడెం గూడెమంతా ఒక్కసారి లేచి చెలకలోకి ఉరికింది. ఎవరూ అరవలేదు, ఎవరూ ఎవరినీ పిలవలేదు. చంటిపిల్లలను ఎత్తుకున్నారు, ముసలివాళ్ల చేతులు పట్టుకున్నారు. అలవాటైన పని చేసినట్టే చేశారు. నేనూ ఉరికాను. మైకు నా చేతిలోనే ఉంది. తీగ గుంజుకుని, చేతిలోంచి ఊడి పడ్డాక తెలిసింది నేను కూడా పరుగెత్తుతున్నానని. నల్గొండలో ఇన్నేళ్లు ఉండి, ఇన్ని చదివి, ఇది ఉత్త శాంపిల్ అని చెవులారా విని, నేను కూడా. చెలకలో నిలబడి, నా కాళ్లను నేనే తిట్టుకున్నాను. తర్వాత కాళ్ల మీద కోపం పోయి, వాటికి ఈ బుద్ధి నేర్పిన వాళ్ల మీదికి మళ్లింది. మేము గొర్లకు ఈల నేర్పుతాం. వీళ్లు మాకు సైరన్ నేర్పారు.

షామియానా కింద వ్యాన్లలో వచ్చిన వాళ్లు కూర్చునే ఉన్నారు. ఏమైందో తెలియక అటూ ఇటూ చూస్తున్నారు. కొందరు నవ్వుతున్నారు. దశరథ్ కూడా నవ్వుతూ, ఏం లేదమ్మా, ఉత్తగనే, వచ్చి కూర్చోండని వేదిక మీది మైకులో పిలుస్తున్నాడు. మా వాళ్లు కదల్లేదు. సైరన్ తర్వాత వచ్చేది రావాలి కదా. అది వచ్చిపోతేనే ఇళ్లలోకి వెళ్లడం వాళ్లకు అలవాటు.

అధికారి గుమాస్తాను వెంటబెట్టుకుని వేదిక దిగాడు. చాయ బల్ల దగ్గర ఆగాడు. బల్ల మీద ఏమీ లేదు. కప్పులు, ఫ్లాస్కులు, చక్కెర డబ్బా, అధికారి తాగి పెట్టిన కప్పుతో సహా, అన్నీ నేల మీద ఒక పక్కగా దించి ఉన్నాయి. ఒక్క చుక్క ఒలకలేదు. ఆయన వాటిని కాసేపు చూశాడు. చెలకలోకి వచ్చి, ఎవరు దించారని అడిగాడు.

"నేనే సారూ," అంది మా అమ్మ. "పగులుతయని."

ఆమెకు అందులో చెప్పుకోవాల్సిన విషయమేదీ కనిపించలేదు. రోజూ చేసే పని చేసింది. అధికారి మళ్లీ లోపలికి రమ్మని మా వాళ్లను బతిమాలాడు. గుట్ట కిందికి రామని అందరూ అన్నారు. జనం లేకుండా సభ జరిగినట్టు రాయలేనని, ఇంకో రోజు పెడదామని ఆయన చెలకలోంచే వేదిక మీది దశరథ్‌తో అన్నాడు. దశరథ్‌కు వాయిదా ఇష్టం లేదు. కానీ అధికారి మాట కాదనలేడు. సభ తొందరగా జరిగిపోతే చాలన్న ఆత్రంలో, మైకు ఇంకా చేతిలోనే ఉందన్న సంగతి మరిచిపోయి అన్నాడు.

"అయితే ఈ ఆదివారమే పెడదాం సార్. ఆదివారం మాకు బ్లాస్టింగ్ ఉండదు, గూడెం అదరదు. వీళ్లు ఉరకకుండా కూర్చుంటారు."

మైకు ఆ మాటను గుట్టకు కొట్టి మళ్లీ మాకు వినిపించింది. నేను అడగలేకపోయిన మాట వాడి నోటితోనే వచ్చింది. దశరథ్ మైకు ఆపబోయాడు, తప్పు మీట నొక్కితే అది కీచుమంది. అమరేందర్ ల్యాప్‌టాప్ మూసేశాడు. వాడు నా వైపు చూడలేదు. చూసుంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు. చెప్పు తీసేదాన్నేమో.

"రాయండి సార్," అన్నాను నేను. "ఆయన ఏమన్నడో గదే రాయండి. అందరం ఇన్నం."

అధికారి గుమాస్తా వైపు చూసి రాయమన్నాడు. గుమాస్తా పెన్ను పట్టుకుని, ఎట్లా రాయాలో తోచక అడిగాడు, ఆదివారం భూకంపం ఉండదని రాయాలా సార్ అని.

అధికారి నోరు తెరిచేలోపు మా అమ్మ ముందుకు వచ్చింది. నాయిన పోయిన దగ్గర్నుంచి బయటి వాళ్ల ముందు ఆమె గొంతు పెద్దగా విన్నది ఆ రోజే.

"భూకంపమని రాయకుండ్రి సారూ. భూమి మాకేం జేసింది? చందమామ మీద వస్తె చందమామ పేరు పెడతరంట, మా బిడ్డ చెప్పింది. గిది క్వారీది. ఎవరిది వాళ్ల పేరు మీద రాయుండ్రి."

గుమాస్తా అధికారిని చూశాడు. అధికారి తలూపాడు. గుమాస్తా క్వారీ కంపం అని రాశాడు. నేను పక్కన నిలబడి, ప్రతి అక్షరం చూశాను. అదురు కొలిచే యంత్రం గూడెంలో పెట్టి, పేలుడు ఉన్న రోజూ లేని రోజూ కొలిచిన తర్వాతే మళ్లీ సభ అని, అప్పటిదాకా ఇవతలి పక్క తవ్వకానికి అనుమతి లేదని కూడా కింద రాయించాడు. జోడుబండ ప్రస్తుతానికి నిలబడింది. దానికి నేను సంతోషించాలని అందరూ అంటున్నారు.

నేను సంతోషంగా లేను. మా నాయిన కాగితంలో ఇంకా భూకంపమనే ఉంది. దాన్ని కూడా ఆయన్ను చంపిన వాళ్ల పేరు మీద రాయించాలి. ఆ పని కోసం ఆఫీసులకు తిరుగుతున్నాను. వెళ్లిన ప్రతిచోటా కూర్చోమంటారు, నేను నిలబడే మాట్లాడుతున్నాను. అవతలి పక్క క్వారీ నడుస్తూనే ఉంది. రోజూ మధ్యాహ్నం సైరన్ మోగుతుంది. మా అమ్మ గిన్నెలు దించుతుంది.